అనుమాన ఇరువుదిల్ల: ఎనిమిదేళ్లకు తెరిచిన ఒక ఫైలు

బెంగళూరులో క్రిమినల్ ప్రాక్టీసు చేస్తూ నాకు 19 ఏళ్లు. గాంధీనగర్‌లో మా ఆఫీసు. మెజెస్టిక్‌లో బస్సు దిగిన తెలుగువాళ్లు సంచీతో నేరుగా నడిచి వచ్చేస్తారు. ఈ కేసు కూడా అలా వచ్చిందే. రాయడానికి కుటుంబం ఒప్పుకుంది. కొన్ని వివరాలు, తేదీలు మార్చాను. పేర్లు అసలే రాయను. చనిపోయిన అమ్మాయిని అక్క అనే అంటాను, ఎందుకంటే ఆమె గురించి నాకు మొదట చెప్పింది చెల్లెలు.

వెనకటి సంగతి

కడప వైపు ఒక పల్లె. తండ్రికి నాలుగెకరాల చేను, ఇద్దరు ఆడపిల్లలు. అక్క డిగ్రీ చదివింది. 2011లో పెళ్లి. అల్లుడికి బెంగళూరులో ప్రైవేటు ఉద్యోగం. కె.ఆర్.పురం దాటాక అద్దె ఇంట్లో కాపురం, అత్తగారు కూడా అక్కడే. పెళ్లికి ఇచ్చింది చాలక, 2013లో కారు కొనాలని మళ్లీ అడిగారు. తండ్రి ఎకరంన్నర అమ్మి రెండు లక్షలు అల్లుడి ఖాతాకు పంపాడు. అదే ఏడు బాబు పుట్టాడు.

2014లో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. "మీ అమ్మాయికి సీరియస్‌గా ఉంది, బయల్దేరండి" అన్నాడు అల్లుడి అన్న. ఆ వేళప్పుడు సీరియస్ అని ఫోన్ వస్తే మన ఊళ్లలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. రాయచోటి, మదనపల్లె మీదుగా వాళ్లు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మనిషి మార్చురీలో ఉంది.

అప్పటికే స్టేషన్‌లో భర్త ఫిర్యాదు రాసిచ్చేశాడు. కడుపునొప్పి తాళలేక ఫ్యానుకు ఉరేసుకుందని. పేపర్లో జిల్లా పేజీ చదివే అలవాటున్నవాళ్లకు ఈ వాక్యం కొత్త కాదు. పెళ్లయి ఏడేళ్లు నిండలేదు కాబట్టి చట్టప్రకారం తహసీల్దార్ వచ్చి శవ పంచనామా చేశారు, తండ్రి వాంగ్మూలం తీసుకున్నారు, ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టుమార్టం జరిగింది. కర్ణాటకలో యూడీఆర్ అంటారు, అసహజ మరణం రిపోర్టు. అదొక్కటే నమోదైంది. కొన్ని నెలలకు అది ముగిసింది.

ఊళ్లో పెద్దకర్మ కాగానే పెద్దమనుషులు కూర్చున్నారు. బాబు పేర మూడు లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి, ఇటువైపు నుంచి కేసు ఉండకూడదు అని వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాసుకున్నారు. బాబు తండ్రి దగ్గరే ఉండిపోయాడు.

వాళ్లు అడిగింది

2022 మొదట్లో చెల్లెలు వచ్చింది. అక్క పోయినప్పుడు ఆమె ఇంటర్లో ఉంది. 2021లో వైట్‌ఫీల్డ్‌లో ఉద్యోగం వచ్చాక అక్క కాలేజీ స్నేహితురాలు ఒకామె ఇక్కడే ఉందని తెలిసి వెళ్లి కలిసింది. ఆ స్నేహితురాలు ఏడేళ్లుగా దాచుకున్న మెయిల్స్ చూపించింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు. చనిపోవడానికి ఐదు రోజుల ముందు వచ్చిన చివరి మెయిల్లో ఇలా ఉంది: "ఈసారి డబ్బు లేకుండా వస్తే గుమ్మం తొక్కనివ్వడంట. నిన్న ఎడమ చెయ్యి పైన కొట్టాడు, ఎత్తలేకపోతున్నా. నాన్నకు మాత్రం చెప్పకే."

చెల్లెలు ప్రింటవుట్లు టేబుల్ మీద పెట్టి, "అక్కను చంపేశారు మేడం. మర్డర్ కేసు రీఓపెన్ చేయించండి" అంది.

ఆ వాక్యంలో రెండు మాటల దగ్గర నేను ఆగాను. ఒకటి మర్డర్, రెండోది రీఓపెన్. మొదటిదాని సంగతి తర్వాత చెబుతాను. రీఓపెన్ అనాలంటే ముందు ఒక కేసు ఉండాలి. ఇక్కడ లేదు. ఎఫ్‌ఐఆర్ లేదు, నిందితుడు లేడు, చార్జిషీటు లేదు, ఏ కోర్టూ ఎవరినీ వదిలేయలేదు. శవ పంచనామా పని, మరణం అనుమానాస్పదమా, పైకి కనిపించే కారణమేమిటి అన్నంతవరకే. ఎవరు చేశారు, ఎలా చేశారు అన్నది దాని పరిధిలోకి రాదని మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన పెద్ద నారాయణ కేసులోనే సుప్రీంకోర్టు 1975లో చెప్పింది. కుటుంబం ఎనిమిదేళ్లుగా కేసు కొట్టేశారనుకుంటోంది. నిజానికి ఎవరూ కేసు పెట్టనేలేదు.

ఇది మాటల తేడా అనుకోవద్దు. మూసిన కేసును తెరవాలంటే తదుపరి దర్యాప్తు అడగాలి, పాత ఫైలును ఎందుకు నమ్మకూడదో చెప్పాలి. అసలు కేసే లేకపోతే దారి సూటిగా ఉంటుంది: కొత్త ఫిర్యాదు, కొత్త ఎఫ్‌ఐఆర్. జాతీయ నేర గణాంకాల్లో 2022కు నమోదైన వరకట్న మరణాలు 6,450. యూడీఆర్ దగ్గరే ఆగిపోయినవి ఆ లెక్కలో కనపడవు.

నా వల్ల పోయిన ఏడాది

ఇంత తెలిసీ మొదటి అడుగు తప్పు వేశాను. చెల్లెలి బాధ చూసి తొందరపడి, స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వకుండా నేరుగా పై అధికారికి అర్జీ పెట్టాను. ఫైలు మళ్లీ విచారించమని. పాత కాగితాలు చేతికి రాకముందే అర్జీ రాశాను కాబట్టి తండ్రి వాంగ్మూలం గురించి ఏదో ఒకటి చెప్పాలి. అలవాటుగా ఒక వాక్యం రాసేశాను: "ఖాళీ కాగితం మీద సంతకం చేయించుకున్నారు." ఇలాంటి అర్జీల్లో తొంభై పాళ్లలో ఈ వాక్యం ఉంటుంది, జడ్జీలు దాన్ని చదవకుండా దాటేస్తారు. తండ్రిని నేను గట్టిగా అడగనూ లేదు. ఆయన "నాకు చదివి చెప్పలేదమ్మా" అన్నాడు. దాన్ని నేను ఖాళీ కాగితం చేశాను. ఆ వాక్యం మూడేళ్ల తర్వాత నా ముఖానే వచ్చి పడింది.

అర్జీకి జవాబు: యూడీఆర్ ముగిసింది, చేయగలిగింది లేదు. అప్పుడు హైకోర్టులో రిట్ వేశాను. అది కూడా నిలవలేదు. ఎఫ్‌ఐఆర్ కట్టకపోతే ముందు స్టేషన్, తర్వాత ఎస్పీ స్థాయి అధికారి, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లాలని 2007 డిసెంబరు నాటి సకిరి వాసు తీర్పు. జడ్జిగారు ఆ దారిలోనే పొమ్మన్నారు. తప్పు నాదే. జూనియర్లకు నేనే పాఠం చెప్పే తీర్పు అది.

ఇంకో పక్క పాత కీప్యాడ్ ఫోన్ ఒకటి మమ్మల్ని రెండు నెలలు తిప్పింది. తండ్రి పాత ఫోన్ ఇనప్పెట్టెలో ఉందని, అక్క మెసేజ్‌లు అందులో ఉంటాయని చెల్లెలు ఆశపడింది. ఆన్ చేయొద్దు, చార్జింగ్ పెట్టొద్దు, అలాగే తెమ్మన్నాను. తెచ్చేసరికి ఊళ్లో రిపేరు షాపువాడు బ్యాటరీ మార్చి, "క్లీన్" చేసి ఇచ్చాడు. ఒక్క మెసేజ్ లేదు. కాల్ రికార్డుల మీద నేను మొదటినుంచీ ఆశ పెట్టుకోలేదు. టెలికాం కంపెనీలు అప్పట్లో వాటిని ఏడాది ఉంచాలన్నదే నిబంధన, 2021 డిసెంబరులో దాన్ని రెండేళ్లు చేశారు. 2014 కాల్స్ 2022లో ఎక్కడినుంచి వస్తాయి? ఇక ఘటన జరిగిన ఇల్లు చూద్దామని వెళ్తే ఆ ఇల్లే లేదు. నాలుగంతస్తుల పీజీ లేచింది.

కాగితం దొరికిన చోటు

ఆర్‌టీఐ కింద యూడీఆర్ నకళ్లు అడిగితే గడువు దాటిన ఫైళ్లతో పాటు ధ్వంసం చేశామని స్టేషన్ రాసింది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. కానీ యూడీఆర్ ఒక్క స్టేషన్ కాగితం కాదు. పంచనామా చేసింది తహసీల్దార్, కాబట్టి ఆ ఆఫీసులో ఒక ప్రతి ఉండాలి. పోస్టుమార్టం చేసిన ఆసుపత్రి ఫోరెన్సిక్ విభాగంలో రిజిస్టరు ఉండాలి. రెండు చోట్లకూ విడివిడిగా అడిగాం. తహసీల్దార్ ఆఫీసు మొదట ఇవ్వలేదు, అప్పీలుకు వెళ్లాక 31 పేజీలు ఇచ్చింది.

ఆ కట్ట చదవడానికి నాకు ఒక రాత్రి పట్టింది. తండ్రి వాంగ్మూలం కన్నడంలో, ఒకటిన్నర పేజీ, గుండ్రటి చేతిరాత. చివరి వాక్యం: "నన్న మగళ సావిన బగ్గె ననగె యార మేలూ అనుమాన ఇరువుదిల్ల." నా కూతురి చావు విషయంలో నాకు ఎవరిమీదా అనుమానం లేదు. దాని కిందే, గీసినట్టు, తెలుగులో ఆయన సంతకం. ఖాళీ కాగితం కానే కాదు.

మర్నాడు ఫోన్ చేసి పిలిపించాను. రాత్రి బస్సెక్కి పొద్దున్నే వచ్చాడు. కాగితం చూపించి, కోప్పడకుండా, మొదట్నుంచీ చెప్పమన్నాను. అప్పుడు చెప్పాడు. "రాసినాక నా ముందర పెట్టినారమ్మా. నాకు కన్నడం రాదు. కానీ అచ్చరాలు మన మాదిరే ఉంటాయి కదా, కూడబలుక్కొని చూస్తే అనుమాన అని కనపడింది. నా అనుమానం రాసినార్లే అని చేవ్రాలు పెట్టినా."

నేను కాసేపు మాట్లాడలేకపోయాను. కన్నడ లిపి తెలుగువాడికి సగం పరిచయం. దుకాణాల బోర్డులు అలా కూడబలుక్కొనే కదా మనమందరం ఇక్కడ బతుకు మొదలుపెట్టింది. అనుమానం రెండు భాషల్లోనూ ఉన్న మాట. లేదు అన్న మాట మాత్రం వేరు, అదీ వాక్యం చివర తోకలా అతుక్కుని ఉంటుంది. ఆయన మాట చదివాడు, తోక చదవలేదు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. బంధువుల్లో ఒకాయన, "ఖాళీ కాగితం అనే ఉంచండి మేడం, కొట్టి పెట్టించారని కూడా రాయండి, గట్టిగా ఉంటుంది" అన్నాడు. ఒప్పుకోలేదు. ముందు చెప్పినదానికి ఇది విరుద్ధంగా ఉంటుంది, నాకు తెలుసు. ఎదుటి లాయరు పండగ చేసుకుంటాడు. అయినా కట్టుకథ క్రాస్ ఎగ్జామినేషన్‌లో రెండో ప్రశ్నకే చిరిగిపోతుంది. ఈ కథ చిరగదు, ఎందుకంటే ఎవరూ ఇలా కల్పించలేరు. కొత్త ఫిర్యాదులో జరిగింది జరిగినట్టు రాశాను. పాత అర్జీలో రాసింది పొరపాటని కూడా రాశాను.

పెద్దమనుషుల రాజీ కాగితం విషయంలోనూ అదే. దాచేద్దామని మొదట నాకే అనిపించింది. దాచితే వాళ్లు తెస్తారు. అప్పుడు తండ్రి డబ్బు తీసుకుని నోరు మూసుకున్నవాడవుతాడు. మనమే పెడితే అదే కాగితం ఇంకో ప్రశ్న వేస్తుంది: కడుపునొప్పితో చనిపోతే కేసు వద్దని మూడు లక్షలు ఎందుకు కట్టారు? డిపాజిట్ రసీదు బాబు పేరనే ఉంది, తాత చేతికి పైసా రాలేదు. పైగా ఇలాంటి నేరాలు రాజీతో రద్దయ్యేవి కావు. ఫిర్యాదుకు మూడో అనుబంధంగా దాన్నే జతచేశాను.

ఏ సెక్షన్

చెల్లెలికి హత్య కేసే కావాలి. ఆమెతో నాకు గట్టిగా వాదన జరిగింది ఇక్కడే. నా లెక్క ఇది. పోస్టుమార్టం రిపోర్టు మెడ మీద గుర్తును సరిగా వర్ణించలేదు. వాలుగా ఉందా అడ్డంగా ఉందా, మెడ చుట్టూ పూర్తిగా ఉందా అన్నవి ఉరికీ గొంతు బిగించడానికీ తేడా చెప్పే మొదటి సంగతులు. అవే లేవు. ఫొటోలు లేవు. ఉరి వేసుకుందన్న చీర లేదు. మేము చూపించిన ఫోరెన్సిక్ నిపుణుడు కూడా ఈ కాగితంతో ఏ వైపూ తేల్చలేనని నిజాయితీగా చెప్పాడు. 1984 నాటి శరద్ సార్దా తీర్పును మేమంతా రెండు పనులకు వాడతాం. చనిపోయిన స్త్రీ రాసిన ఉత్తరాలు సాక్ష్యంగా పనికొస్తాయని చెప్పడానికి అది కావాలి. పరోక్ష సాక్ష్యాల గొలుసు ఎక్కడా తెగకూడదని చెప్పింది కూడా అదే. గొలుసు పూర్తికాలేదని అందులో నిందితుణ్ని వదిలేశారు. హత్య అని మొదలుపెడితే మన చేతిలో ఉత్తరాలుంటాయి, గొలుసు ఉండదు.

వరకట్న మరణానికి ఐపీసీలో ఉన్న సెక్షన్ 304బి అలా కాదు. పెళ్లయిన ఏడేళ్లలోపు అసహజ మరణం, దానికి కాస్త ముందు కట్నం కోసం హింస. ఈ రెండూ చూపితే, ఆమే ఉరేసుకుందా ఎవరైనా వేశారా అన్నది తేలకపోయినా నేరం నిలుస్తుంది. ఆపైన తాము కారణం కాదని చూపాల్సిన బరువు అటువైపు పడుతుంది. కాలపరిమితి సంగతీ చూడాలి. భర్త, అత్తింటివాళ్లు పెట్టే హింసకు వేసే సెక్షన్ 498ఎకు గరిష్ఠ శిక్ష మూడేళ్లు కాబట్టి అదొక్కటే అయితే మూడేళ్ల గడువు ఎప్పుడో దాటిపోయింది. 304బికి యావజ్జీవం దాకా ఉంది, గడువు లేదు. రెండూ కలిపి విచారిస్తే పెద్ద నేరం లెక్కే రెండింటికీ వర్తిస్తుంది. అంటే 304బి నిలిస్తేనే 498ఎ బతుకుతుంది.

మరి హింస "కాస్త ముందు" జరిగిందని ఏది చూపిస్తుంది? జవాబు పోస్టుమార్టంలోనే ఉంది, ఎనిమిదేళ్లుగా. పైగాయాల జాబితాలో నాలుగో అంశం: ఎడమ భుజం కింద, నాలుగు సెంటీమీటర్లు, మూడు సెంటీమీటర్లు, ఆకుపచ్చగా మారిన కమిలిన గాయం. కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నీలంగా మారి, ఐదారు రోజులకు ఆకుపచ్చగా మారి, ఆపైన పసుపై మానుతుందని వైద్య విద్యార్థులు చదివే పాఠం. రంగుతో రోజులు లెక్కకట్టడం అంత కచ్చితం కాదని డాక్టర్లే హెచ్చరిస్తారు. ఒప్పుకుంటాను. కానీ అదే ఎడమ చేతి గురించి, "నిన్న కొట్టాడు" అని, ఐదు రోజుల ముందు రాసిన మెయిల్ పక్కన పెట్టి చూడండి. రాసింది రాతలో ఉంది, ఒంటి మీదా ఉంది. రెండూ ఒకరినొకరు ఎరగని ఇద్దరి దగ్గర ఎనిమిదేళ్లు విడివిడిగా పడి ఉన్నాయి.

అదే రిపోర్టులో కడుపు, పేగులు, అపెండిక్స్ అన్నీ మామూలుగా ఉన్నాయని రాసుంది. కడుపునొప్పికి ఒక్క మందుల చీటీ కూడా అటువైపు నుంచి ఎప్పుడూ రాలేదు.

డబ్బు నిరూపించడం అనుకున్నంత కష్టం కాలేదు. బ్యాంకు పాత లావాదేవీల వివరాలు ఇవ్వలేనంది. తండ్రి పాస్‌బుక్‌లో మాత్రం రెండు లక్షల ఎంట్రీ, ఎదురుగా అల్లుడి పేరు, మాసిపోయినా చదవొచ్చు. రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ భూమి లావాదేవీల జాబితా) తీస్తే పొలం అమ్మకం అంతకు పదకొండు రోజుల ముందే. రిజిస్ట్రేషన్ దస్తావేజులకు ఉన్నంత ఆయుష్షు ఇంకే కాగితానికీ ఉండదు. కట్నం ఇచ్చామని ఒప్పుకుంటే మన మీదే కేసవుతుందేమోనని తండ్రికి టెన్షన్. బాధితుల వాంగ్మూలం ఆధారంగా వాళ్లనే ఆ చట్టం కింద విచారించడానికి వీల్లేదని సెక్షన్ 7లో ఉందని చూపించాకే నిద్రపోయాడు.

స్నేహితురాలి సంగతి ఇంతకంటే కష్టం. ఆమెకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, అత్తవారింట్లో ఈ గొడవ తెలియదు. సమన్లు పంపిస్తే ఎలాగూ రావాలి, కానీ బలవంతంగా వచ్చిన సాక్షి బోనులో సగమే మాట్లాడుతుంది. మూడుసార్లు కలిశాను. మూడోసారి ఆమె అడిగింది: "నాన్నకు చెప్పకే అంది మేడం. చెప్పుంటే బతికేదా?" నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను. తర్వాతి వారం తనే ఫోన్ చేసి, భర్తకు చెప్పానని, వస్తానని అంది. మేజిస్ట్రేట్ ముందు 164 వాంగ్మూలం ఇప్పించాం. మెయిల్ అకౌంటు ఆమెదే కాబట్టి ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన 65బి సర్టిఫికెట్ ఆమే ఇవ్వాలి. అది లేకుండా ప్రింటవుట్లు పట్టుకుని తిరిగితే కోర్టులో అవి ఉత్త కాగితాలు.

ఈసారి వరస తప్పలేదు. స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు, పై అధికారికి రిజిస్టర్ పోస్టు, తర్వాత ఎఫ్‌ఐఆర్ కట్టమని పోలీసులను ఆదేశించాలంటూ మేజిస్ట్రేట్ దగ్గర ప్రమాణపత్రంతో 156(3) దరఖాస్తు. 2023లో ఆదేశం వచ్చింది, ఎఫ్‌ఐఆర్ కట్టారు. వెంటనే అటువైపు, దాన్ని రద్దు చేయమని హైకోర్టులో క్వాష్ పిటిషన్ వేశారు. వాళ్ల చేతిలో బలమైన తీర్పే ఉంది: 2016 నాటి మనోజ్ కుమార్ శర్మ. అందులోనూ యూడీఆర్ లాంటి విచారణ ముగిసి, ఐదేళ్ల తర్వాత అమ్మాయి సోదరుడు పెట్టిన ఎఫ్‌ఐఆర్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. మాది ఎనిమిదేళ్లు దాటింది. ఆలస్యానికి కారణం మాకు 2021లో బయటపడ్డ మెయిల్స్, కన్నడ వాంగ్మూలం. ఈ రెండింటినీ విచారణలోనే తేల్చాలని హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. ఆ రోజు నేను కోర్టు క్యాంటీన్‌లో రెండు కాఫీలు తాగాను.

బాబు గురించి ఒక మాట. అతణ్ని తెచ్చుకోవాలని చెల్లెలు మొదటి రోజు నుంచీ అడుగుతూనే ఉంది. ఇప్పుడు వద్దన్నాను. కస్టడీ పిటిషన్ వేసిన రోజే ఇదంతా పిల్లాడి కోసం, డిపాజిట్ కోసం పెట్టిన కేసు అంటారు. ఆమె ఒప్పుకుంది కానీ నన్ను క్షమించలేదు. ఒక వాయిదాకు నానమ్మ అతణ్ని వెంటబెట్టుకొచ్చింది. వరండాలో తాత ఎదురుగా బెంచీ మీద కూర్చుని ఫోన్‌లో గేమ్ ఆడుకున్నాడు, తల ఎత్తలేదు.

బోనులో

వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. బాధితుల లాయరుగా నాది పక్కన కూర్చుని చీటీలు అందించే పని, ప్రశ్న వేసే హక్కు లేదు. తండ్రి క్రాస్ రోజు ఆ హక్కు లేనందుకు చేతులు నలుపుకుంటూ కూర్చున్నాను.

"ఈ సంతకం మీదేనా?"

"నాదే."

"చదివే పెట్టారా?"

"చదివే పెట్టినా."

పీపీ నావైపు చూశారు. డిఫెన్స్ లాయరు పాత అర్జీ తీశారు. "మరి ఇక్కడ ఖాళీ కాగితం అన్నారే?" తండ్రి నన్ను చూపించి, "అది లాయరమ్మ రాసింది సార్" అన్నాడు. హాల్లో నవ్వులు. నేను తల దించుకుని నోట్‌బుక్‌లో ఏదో గీశాను.

జడ్జిగారికి తెలుగు వచ్చు. కాగితం ఆయన చేతికి ఇప్పించి, చదవండి చూద్దాం అన్నారు. తండ్రి సంచీలోంచి కళ్లద్దాలు తీసి, పంచె అంచుతో తుడిచి పెట్టుకున్నాడు. వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. "నన్న... మగళ... సా... విన..." నాలుగు నిమిషాలు పట్టింది. "అను... మాన" దగ్గర వేలు ఆపి తలెత్తాడు.

"ఇదో సార్, అనుమానం."

"తర్వాత?"

"ఇరువు... దిల్ల. ఇల్లు సార్. ఇంట్లోవాళ్ల మీద అనుమానం అని రాసినారనుకుంటి."

టైపిస్టు ఆగిపోయి, ఇది ఎలా రాయాలి అన్నట్టు చూసింది. జడ్జిగారు ఆ జవాబును తెలుగు మాటలతో సహా తనే చెప్పి రాయించారు.

పోస్టుమార్టం చేసిన డాక్టరు అప్పటికి రిటైరయ్యారు. ఉరే అని తన అభిప్రాయానికి కట్టుబడ్డారు. కానీ ఎడమ చేతి గాయం ఉరి వల్ల వచ్చింది కాదు, కొన్ని రోజుల పాతది అని ఒప్పుకున్నారు. నేను హత్య ఆరోపణ పట్టుకుని కూర్చుని ఉంటే ఈ సాక్ష్యం మా కేసును పడగొట్టేది. 304బి కాబట్టి నిలబెట్టింది.

2025లో తీర్పు. భర్తకు 304బి కింద ఏడేళ్లు, 498ఎ కింద రెండేళ్లు, రెండూ ఏకకాలంలో అనుభవించేలా. అత్తగారి మీద మెయిల్స్‌లో నిర్దిష్టంగా ఏమీ లేదని వదిలేశారు. "ఏడేళ్లేనా మేడం?" అంది చెల్లెలు. అది చట్టం చెప్పిన కనీస శిక్ష. ఎనిమిదేళ్లు ఆగి, మూడేళ్లు తిరిగితే ఏడేళ్లు. ఆ లెక్క నాకూ మింగుడుపడలేదు, ఆమెకు అదే చెప్పాను.

ఈ కేసు తర్వాత మా ఆఫీసులో కొన్ని పద్ధతులు మారాయి. పాత మరణం గురించి ఎవరొచ్చినా అర్జీ రాయడానికి ముందు కాగితాలన్నీ తెప్పిస్తాం, నెలలు పట్టినా సరే. స్టేషన్‌లో లేదంటే తహసీల్దార్, ఆసుపత్రి. వాంగ్మూలం ఎవరి భాషలో ఉంది, ఆ భాష వాళ్లకు వచ్చా, ఎవరు చదివి వినిపించారు అన్నవి మొదటి ప్రశ్నలు. బెంగళూరులో ఇది మరీ ముఖ్యం: చావు ఒక భాషలో, ఏడుపు ఇంకో భాషలో నమోదవుతుంది. "ఖాళీ కాగితం" అన్న మాట మా డ్రాఫ్టుల్లోంచి తీయించేశాను. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టాలతో సెక్షన్ నంబర్లు మారాయి, 304బి ఇప్పుడు 80, శవ పంచనామా 174 ఇప్పుడు 194. అయినా ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత ఐపీసీనే వర్తిస్తుంది. జూనియర్లు కొత్త నంబర్లు వేసి తెస్తే వెనక్కి పంపుతాను.

భర్త అప్పీలు వేశాడు. అత్తగారిని వదిలేసినదాని మీద మనమూ వేద్దామని చెల్లెలు పట్టుబట్టింది. నిలవడం కష్టమని చెప్పాను, అయినా వేద్దామంది. సంతకానికి తండ్రి వచ్చాడు. గుమాస్తా వకాలత్ తీసి, ఎప్పటిలాగే కింద ఇంటూ మార్కు పెట్టి, పెన్ను అందించాడు. ఆయన పెన్ను తీసుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"ముందు చదువమ్మా, వింటా. తెలుగులో చెప్పు."

ఇంగ్లీషు వకాలత్. పందొమ్మిదేళ్లలో నేను దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది లేదు. ఒక్కో లైనూ తెలుగు చేస్తూ చదివాను. రెండు చోట్ల ఆపి అడిగాడు. అయ్యాక సంతకం పెట్టి, దాని కింద ఇంకో లైను తనే రాసుకున్నాడు: చదివించుకొని, అర్థమై, చేవ్రాలు చేయడమైనది. హైకోర్టు రిజిస్ట్రీ ఈ అదనపు లైనుకు అభ్యంతరం చెబుతుందేమో అన్నాడు గుమాస్తా. చెబితే చూద్దాంలే, అలాగే ఫైల్ చెయ్యి అన్నాను.